టవల్ ఉంది, మనిషి లేడు

ప్రశ్న: క్రితం సెలవుల్లో మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్తగారు కలిసి ఒక రిసార్ట్‌కి వెళ్లాం. రోజూ ఎనిమిదిన్నరకి పూల్ దగ్గరికి వెళ్లేసరికి నీడలో ఉన్న పడక కుర్చీలన్నిటి మీదా టవల్స్ పరిచి ఉండేవి. మనుషులు మాత్రం ఉండరు. పదకొండు దాటాక తీరిగ్గా వచ్చేవాళ్లు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎండలో కూర్చోలేరు. మూడో రోజు నాకు ఒళ్లు మండి, రెండు గంటలుగా ఎవరూ రాని ఒక కుర్చీ మీది టవల్ మడిచి పక్కన పెట్టి ఆవిణ్ణి కూర్చోబెట్టాను. కాసేపటికి ఆ టవల్ తాలూకు ఆవిడ వచ్చి అందరి ముందూ నానా మాటలూ అంది. మా అత్తగారు చిన్నబుచ్చుకుని గదిలోకి వెళ్లిపోయారు. మా వారేమో "వేరేవాళ్ల వస్తువు ముట్టుకోవడం ఏంటి" అని నన్నే తప్పుపట్టారు. వచ్చే నెల ఇంకో రెండు కుటుంబాలతో కలిసి వేరే రిసార్ట్‌కి వెళ్తున్నాం. ఈసారి తనే తెల్లవారుజామున వెళ్లి అందరికీ టవల్స్ వేసి వస్తానంటున్నారు. నాకది నచ్చట్లేదు, వేరే దారీ తోచట్లేదు. నేను చేసింది తప్పా? మేం కూడా టవల్ వేయాలా?
– పేరు వద్దు

సమాధానం: మీ రెండు ప్రశ్నలకీ ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. రెండు గంటలు ఖాళీగా ఉన్న కుర్చీలో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిణ్ణి కూర్చోబెట్టడం తప్పు కాదు. అక్కడి సిబ్బందిని పిలవకుండా ఆ టవల్ మీరే తీయడం వల్ల గొడవ మాత్రం మీ మెడకు చుట్టుకుంది. ఇక టవల్స్ సంగతి: వేయొద్దు. ఆయన్ని హాయిగా పడుకోనివ్వండి.

మీ ఉత్తరంలో నాకు నవ్వొచ్చిన చోటు ఒకటుంది. వేరేవాళ్ల వస్తువు ముట్టుకున్నారని మిమ్మల్ని కోప్పడ్డ మనిషే, తనవి కాని డజను కుర్చీల మీద తనవి కాని డజను టవల్స్ వేసి రావడానికి సిద్ధపడుతున్నారు. ఆయన్ని దెప్పడానికి చెప్పట్లేదు, ఆ పని మీరు ఈపాటికే చేసి ఉంటారు. ఈ విషయంలో అందరి బుర్రల్లోనూ ఇదే గందరగోళం ఉంటుంది. కుర్చీ హోటల్‌ది. చాలాచోట్ల టవల్ కూడా హోటల్‌దే, కౌంటర్లో గది నంబరు చెప్పి తీసుకున్నదే. అయినా ఆ రెండూ ఒకదాని మీద ఒకటి చేరగానే రిజిస్ట్రేషన్ అయిపోయిన స్థలంలా కనిపిస్తుంది. దాటి అడుగు వేయాలంటే కాలు రాదు.

ఎందుకలా అని రాబర్ట్ సోమర్, ఫ్రాంక్లిన్ బెకర్ అనే ఇద్దరు పరిశోధకులు లైబ్రరీలో పరీక్షించి చూశారు, 1969లో అచ్చయింది ఆ పని. రద్దీగా ఉండే వేళ కొన్ని కుర్చీల దగ్గర రకరకాల వస్తువులు వదిలేసి, ఎవరు ఎప్పుడు వచ్చి కూర్చుంటారో గమనించారు. ఏమీ పెట్టని కుర్చీలు త్వరగా నిండిపోయాయి. ఇష్టం వచ్చినట్టు పడేసిన పత్రికలు కాసేపే కాపలా కాశాయి. కోటు, నోట్‌బుక్కు లాంటి సొంత సామాను ఉన్న చోట మాత్రం వాళ్లు చూసిన రెండు గంటలూ ఎవరూ కూర్చోలేదు. మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి కూడా అందులో ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు పక్క కుర్చీలో ఉన్నవాళ్లని "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. అడిగాక ఆ పక్కాయన, అవతలి మనిషెవరో తెలియకపోయినా, అతని తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. అంటే ఆ చోటుని కాపాడేది వస్తువొక్కటే కాదు, పక్కవాళ్ల మొహమాటం కూడా.

అదే ఏడాది లియోన్ మాన్ అనే ఆయన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ టికెట్ల కోసం రాత్రంతా కాచుకుని కూర్చునే క్యూల గురించి రాశారు. అక్కడ జనం పేరు రాసిన పెట్టెనో, మడత కుర్చీనో, స్లీపింగ్ బ్యాగునో తమ చోట్లో పెట్టేసి వెళ్లిపోయేవారు. ఒక దశలో క్యూలో మనుషుల కంటే సామానే ఎక్కువగా ఉండేదట. క్యూలో ఉన్నవాళ్లు దాన్ని ఒప్పుకునేవారు కూడా. కాకపోతే ఒక షరతు మీద: రెండు మూడు గంటలకు మించి మాయమైపోకూడదు. ఆ షరతు ఎవరూ రాసి పెట్టింది కాదు, అందరికీ తెలిసినదే.

మీ ఒళ్లు మండటానికి కారణం ఇక్కడే ఉంది. వస్తువుని చూసి మనం ఆగేది, ఆ మనిషి ఇప్పుడే వస్తాడన్న నమ్మకంతో. నీళ్లలోకి దిగినవాడికి, పిల్లాణ్ణి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లినావిడకి ఆ మర్యాద ఇవ్వాల్సిందే. ఆరింటికి టవల్ పరిచి, గదికి పోయి మళ్లీ నిద్రపోయి, బ్రేక్‌ఫాస్ట్ చేసి, పదకొండుకి వచ్చేవాళ్లు అదే మర్యాదని ఐదు గంటలపాటు వాడేసుకుంటున్నారు. కర్చీఫ్ వేయడం తప్పని నేనననుగానీ, వేసిన మనిషి కనుచూపు మేరలో ఉండాలి కదా.

దీనివల్ల జరిగే నష్టం ఎంతో తెలియాలంటే ఒక లెక్క వేద్దాం. పూల్ చుట్టూ 100 కుర్చీలున్నాయి, 150 మందికి అవి కావాలి అనుకోండి. ఒక్కొక్కరు రోజుకి మూడు గంటలు కూర్చుంటే మొత్తం 450 గంటల అవసరం. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, పది గంటల చొప్పున, ఆ కుర్చీలు ఇవ్వగలిగింది 1,000 గంటలు. అవసరానికి రెట్టింపు కంటే ఎక్కువ. అందరూ ఒకే సమయానికి వస్తే ఏం చేస్తారంటారా? వస్తారు, మధ్యాహ్నం ముందు కాస్త ఇరుకవుతుంది, అరగంట ఆగితే ఏదో ఒకటి ఖాళీ అవుతుంది. అదే 100 మంది తెల్లవారేసరికి 100 కుర్చీల మీదా టవల్స్ వేసేస్తే, మిగతా 50 మందికి రోజంతా ఒక్కటీ దొరకదు. ఖాళీ కుర్చీలు మాత్రం కళ్లెదుట వరసగా కనిపిస్తూనే ఉంటాయి. మర్నాడు ఆ 50 మందీ అలారం పెట్టుకుంటారు. ఏడింటికి మొదలైన పోటీ ఆరుకి, ఆరుది ఐదుకి జరుగుతుంది. సెలవులకి వచ్చి ఆఫీసు రోజుల కంటే ముందు లేవడం అన్నమాట. ఇంతా చేసి కుర్చీ ఒక్కటి కూడా పెరగలేదు.

కాబట్టి మీ వారు చెప్పే "అందరూ వేస్తున్నారు, మనం వేయకపోతే మనమే వెర్రివాళ్లం" అన్న మాటని నేను కొట్టిపారేయను. నలుగురితో నారాయణ అనడం ఎవరికైనా సహజమే. యూరప్‌లో బ్రిటిష్ వాళ్లు జర్మన్లనీ, జర్మన్లు బ్రిటిష్ వాళ్లనీ ఈ టవల్స్ విషయంలో దశాబ్దాలుగా ఆడిపోసుకుంటూనే ఉన్నారు. తెల్లవారుజామున లేచేది ఎప్పుడూ అవతలివాళ్లే! ఈ పోటీని అతిథులు తమలో తాము ఆపుకోలేరు. ఆపాల్సింది కుర్చీ ఎవరిదో వాళ్లు, అంటే హోటల్.

హోటళ్లకి చేతకాక కాదు. కార్నివాల్ అనే క్రూయిజ్ కంపెనీ ఓడల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి లేని కుర్చీ కనిపిస్తే సిబ్బంది దాని మీద టైమ్ రాసిన స్టిక్కర్ అంటిస్తారు. 40 నిమిషాలైనా ఎవరూ రాకపోతే సామాను తీసి జాగ్రత్తగా టవల్ కౌంటర్లో పెట్టి, కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. కేకలుండవు, వాదనలుండవు, గడియారం మాట్లాడుతుంది. థామస్ కుక్ అనే బ్రిటిష్ ట్రావెల్ కంపెనీ 2018లో ఇంకో దారి పట్టింది. కొన్ని హోటళ్లలో దాదాపు 25 యూరోలు కడితే సెలవులు అయ్యేదాకా ఒక కుర్చీ మీ పేరున ఉంచుతామంది. మరుసటి ఏడాది ఆ కంపెనీ దివాలా తీసింది, అది ఈ కుర్చీల వల్ల కాదు లెండి. డబ్బు తీసుకుని ఇవ్వడం నాకంత నచ్చే పద్ధతి కాదు, నీడ కూడా అమ్మకానికి పెట్టినట్టు ఉంటుంది. అయినా ఎవరిది ఏ కుర్చీయో స్పష్టంగా ఉంటుంది కాబట్టి తెల్లవారుజాము పరుగుల కంటే నయమే.

మిగతా చాలా హోటళ్లు చేసేదేంటంటే ఒక బోర్డు పెట్టి ఊరుకోవడం. "కుర్చీలు రిజర్వ్ చేయరాదు" అని ఉంటుంది, దాని కిందే పది టవల్స్ ఉంటాయి. కారణం ఊహించడం కష్టమేం కాదు. టవల్ వేసిన వాళ్లూ డబ్బు కట్టిన అతిథులే, కూర్చోవాలనుకున్న మీరూ అతిథులే. పూల్ దగ్గర నిలబడే కుర్రాడు టవల్ తీస్తే ఒకరు అరుస్తారు, తీయకపోతే ఇంకొకరు గొణుగుతారు. అరుపు కంటే గొణుగుడు నయమనుకుని అతను అటు తిరిగి నిలబడతాడు. పైనుంచి మేనేజర్ స్పష్టంగా చెప్తే తప్ప ఆ అబ్బాయి పిల్లి మెడలో గంట కట్టడు. మీ కోపం అతని మీద చూపించకండి.

ఇది చిన్న విషయం కాదనడానికి జర్మనీలో ఒక కోర్టు తీర్పే ఉంది. ఒకాయన కుటుంబంతో గ్రీస్‌లోని రోడ్స్ దీవికి ప్యాకేజీ టూర్ మీద వెళ్లాడు. హోటల్ నిబంధన ప్రకారం అరగంటకు మించి కుర్చీ ఆపి ఉంచకూడదు. ఎవరూ పాటించలేదు, హోటల్ పట్టించుకోలేదు. ఆయన తిరిగొచ్చాక ట్రావెల్ కంపెనీ మీద కేసు వేశాడు. 2023 డిసెంబర్లో హానోవర్ కోర్టు ఆయనకి 300 యూరోల పైచిలుకు వెనక్కి ఇప్పించింది. మీకు పనికొచ్చే మాట ఆ తీర్పులో ఒకటుంది: వేరేవాళ్ల టవల్స్ స్వయంగా తీసేసి గొడవ కొనితెచ్చుకోవాల్సిన అవసరం ఆయనకి లేదని కోర్టు అంది. అంటే నిబంధన అమలు చేయాల్సింది నిబంధన పెట్టినవాళ్లే. అది జర్మన్ చట్టం, ప్యాకేజీ టూర్ల లెక్క వేరు, మీకూ అలాగే డబ్బు వస్తుందని నేను చెప్పట్లేదు. ఆ టవల్ తీసే బాధ్యత మీది కాదన్నది మాత్రం ఏ హోటల్లోనైనా గట్టిగా నిలబడి చెప్పగలిగిన మాట.

సరే, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేయాలి? ముందు ఆ కుర్చీని ఒక్క నిమిషం చూడండి. టవల్ తడిసి ఉందా, కింద చెప్పులున్నాయా, గ్లాసులో ఐస్ ఇంకా కరగలేదా, పుస్తకం బోర్లా పెట్టి ఉందా? అయితే మనిషి ఆ చుట్టుపక్కలే ఉన్నట్టు, వదిలేయండి. టవల్ పొడిగా, ఇస్త్రీ మడతలు చెదరకుండా, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా కుర్చీ చువ్వల కింద దోపి ఉంటే అది తెల్లవారుజాము టవల్. కొందరు తెలివిమీరినవాళ్లు దాని మీద ఒక పాత పత్రికో, సగం అయిపోయిన సన్‌స్క్రీన్ ట్యూబో పెట్టి వెళ్తారు, మనిషి ఇప్పుడే లేచినట్టు కనబడటానికి. అలాంటప్పుడు ట్యూబు మూత ఎండకి వేడెక్కి ఉంటుంది, పత్రిక పేజీలు ఒక్కటీ కదిలి ఉండవు.

తర్వాత పక్క కుర్చీవాళ్లని అడగండి, అడిగే తీరు మాత్రం మార్చండి. "ఇక్కడెవరైనా ఉన్నారా?" అంటే వాళ్లు మొహమాటానికి "ఉన్నారండీ" అనేస్తారు, లైబ్రరీలో జరిగినట్టే. "మీరొచ్చి ఎంతసేపైందండీ? ఈ కుర్చీలో ఎవరినైనా చూశారా?" అని అడగండి. చూసింది చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. "మేమొచ్చి గంటన్నరైంది, ఎవరూ రాలేదు" అన్న మాట వాళ్ల నోటి నుంచే వస్తే, రేపు గొడవైనా మీ పక్కన ఒక సాక్షి ఉన్నట్టు.

అప్పుడు అటెండెంట్‌ని పిలవండి. "ఈ కుర్చీలో గంటన్నర నుంచి ఎవరూ లేరు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, నీడ కావాలి. ఈ టవల్ మీరు తీసి పెడతారా, లేకపోతే ఇంకో కుర్చీ వేయిస్తారా?" అని రెండు దారులూ అతని ముందే పెట్టండి. ఎక్కువమంది రెండోదానికి మొగ్గుతారు, ఎవరితోనూ పేచీ ఉండదు కనుక. మనకి కావాల్సింది కూడా కుర్చీయే. అతను నసిగితే అక్కడే వాదించకుండా రిసెప్షన్‌కి ఫోన్ చేసి డ్యూటీ మేనేజర్‌ని అడగండి. కుర్చీ మీద ఫోనో, పర్సో, కళ్లజోడో కనిపిస్తే మాత్రం వేలు కూడా పెట్టకండి. టవల్ దగ్గర మొదలైన గొడవ చిలికి చిలికి గాలివానై "నా ఉంగరం పోయింది" దాకా వెళ్తే మీ సెలవులన్నీ దానికే సరిపోతాయి.

టవల్ తాలూకు మనిషి వచ్చి గయ్యిమంటే? మీ గొంతు మాత్రం పెంచకండి. "హోటల్ వాళ్లు ఇచ్చిన కుర్చీ అండీ. మీ సామాను కౌంటర్లో ఉంది, వాళ్లనడగండి" అని ఊరుకోండి. "మీరు ఐదు గంటలు రాలేదు", "ఇదేమైనా మీ సొత్తా" లాంటివి నోటిదాకా వచ్చినా మింగేయండి. న్యాయం మీదే కావచ్చు, కానీ పూల్ పక్కన న్యాయం గెలిచినవాళ్లు కూడా ఆ సాయంత్రం భోజనాల దగ్గర అదే మొహం మళ్లీ చూడాలి. పోయినసారి ఆవిడ అరిచినప్పుడు మీ దగ్గర "హోటల్ వాళ్లు ఇచ్చారు" అన్న మాట లేదు. లేకపోవడం వల్లే అది మీకూ ఆవిడకీ మధ్య గొడవైంది.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, మీ అత్తగారి గురించి. ఆవిడ చిన్నబుచ్చుకుని గదిలోకి వెళ్లిపోవడం నాకు మిగతా అన్నిటికంటే ఎక్కువగా తగిలింది. తన మోకాళ్ల వల్లే కోడలు నలుగురిలో మాట పడిందని ఆవిడ అనుకుని ఉంటారు. ఆ మాట మీ ఇంట్లో ఎవరైనా ఆవిడతో ఎత్తారా? వచ్చే నెల ప్రయాణానికి ముందే "అత్తయ్యా, అప్పుడు మీ తప్పేం లేదు, హోటల్ వాళ్లు సరిగా చూసుకోలేదు" అని ఒక్క మాట అనండి. లేకపోతే ఈసారి "నేను గదిలోనే ఉంటాలే, మీరు వెళ్లిరండి" అంటారు, అందరూ సరేనంటారు, ఆవిడ సెలవులన్నీ టీవీ ముందే అయిపోతాయి.

మీ వారి ప్లాన్‌ని కూడా నేనిలాగే చూస్తున్నాను. ఆ రోజు అవమానపడింది ఆయన తల్లి. అప్పుడు ఆ టవల్ ఆవిడతో మాట్లాడలేకపోయి, ఆ ఉక్రోషం మీ మీద చూపించి ఉంటారు. ఇప్పుడీ తెల్లవారుజాము పథకం అమ్మకి మళ్లీ అలా జరగకూడదన్న ఆరాటమేనని నాకనిపిస్తోంది. అందుకే "టవల్ వేయడం తప్పు" అని ఆయనతో వాదన పెట్టుకోకండి, అది ఎటూ తేలదు. "అమ్మకి నీడలో కుర్చీ దొరికే బాధ్యత మీది, ఎలాగో మాట్లాడుకుందాం" అనండి. హోటల్ వాళ్లతో మాట్లాడే పని ఆయనకే అప్పగించండి.

ఇంకో మాట, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అసలా పడక కుర్చీ మంచిది కాదు. చాలా కిందకి ఉంటుంది, కూర్చునేటప్పుడు ఒకరు చెయ్యి పట్టుకోవాలి, లేచేటప్పుడు ఇద్దరు లాగాలి. చేతులున్న, ఎత్తుగా ఉండే మామూలు కుర్చీ ఒకటి, కాళ్లు చాపుకోవడానికి చిన్న స్టూలు ఒకటి, పైన గొడుగు ఉంటే ఆవిడకి అంతకంటే సుఖం ఉండదు. అలాంటి కుర్చీలు హోటల్ వరండాలోనో, రెస్టారెంట్లోనో ఉంటాయి. ముందు రోజు సాయంత్రం రిసెప్షన్‌లో చెప్తే ఒకటి తెచ్చి వేయడం వాళ్లకి పెద్ద పని కాదు. ఆ కుర్చీ మీద టవల్ వేయాలని ఎవరికీ బుద్ధి పుట్టదు. దాని కోసం ఎవరూ ఐదింటికి లేవరు.

మూడు కుటుంబాలతో వెళ్తున్నారు కదా, అసలు పరీక్ష అక్కడుంది. తలకొకటి లెక్కన డజను కుర్చీలు ఒకే వరసలో కావాలనిపిస్తుంది. అలా వరస ఆక్రమించిన గుంపుని చూస్తే మిగతా అతిథులకి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కుర్చీలు తలలు లెక్కపెట్టి తీసుకోకండి, ఒక సమయంలో నీళ్ల బయట ఉండే మనుషుల్ని లెక్కపెట్టి తీసుకోండి. పిల్లలు పడక కుర్చీలో పడుకోరు. వాళ్ల పేరున తీసుకున్న కుర్చీ మీద తడి బట్టలు, గాలి ఊదిన ట్యూబులు, చిప్స్ ప్యాకెట్లు తప్ప పిల్లలు కనిపించరు. పెద్దవాళ్లు కూడా సగంమంది నీళ్లలోనో, ఫోటోల దగ్గరో ఉంటారు. నాలుగైదు కుర్చీలు మీ అందరికీ సరిపోతాయి, సామాను ఒక దాని కింద పెట్టుకుంటే.

పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఫోన్ పక్కన పెట్టి వాళ్ల మీదే కన్నేసి ఉండాలి, లైఫ్‌గార్డ్ ఉన్నా సరే. ఆ పని ఎటూ తప్పదు కాబట్టి పెద్దవాళ్లు వంతులు వేసుకోండి. ఎవరి వంతైతే వాళ్లు అక్కడే కూర్చుంటారు, పక్కన నీళ్లలోకి దిగినవాళ్ల కుర్చీలు రెండు మూడు వాళ్ల కళ్ల ముందే ఉంటాయి. ఎవరైనా అడిగితే "వాళ్లు అదిగో, నీళ్లలో ఉన్నారు" అని చూపించగలరు. ఇలా పట్టుకోవడంలో తప్పేమీ లేదు, ఎవరూ వేలెత్తి చూపరు. భోజనానికి వెళ్లేటప్పుడు మాత్రం కుర్చీలు వదిలేసి వెళ్లండి. తిరిగొచ్చాక మళ్లీ వెతుక్కోవచ్చు. మిగతా రెండు కుటుంబాలకీ ఈ మాట బయల్దేరకముందే చెప్పేయండి, అక్కడికెళ్లాక పూల్ దగ్గర చెప్తే పంతాలొస్తాయి.

వేళల గురించి కూడా కొంచెం ఆలోచించండి. పొద్దున తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండా తక్కువ, జనమూ తక్కువ. మీ అత్తగారికీ, పిల్లల చర్మానికీ అదే మంచిది. అందరూ కొట్టుకునేది మధ్యలో ఉన్న ఆ నడినెత్తి ఎండ గంటల కోసం. వాటిని వాళ్లకే వదిలేయొచ్చు.

ఇక మీ వారి చేత పంపించాల్సిన మెయిల్. ఇలా రాస్తే చాలు:

"వచ్చే నెల మీ దగ్గర మూడు కుటుంబాలం దిగుతున్నాం. మాతో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్నారు. ఆవిడకి పూల్ దగ్గర నీడలో, చేతులున్న ఎత్తు కుర్చీ ఒకటి రోజూ కావాలి. అది మీరు ఏర్పాటు చేయగలరా? పూల్ చుట్టూ ఎన్ని పడక కుర్చీలున్నాయి? టవల్ వేసి కుర్చీ ఆపి ఉంచడం గురించి మీ నిబంధన ఏంటి, ఎంతసేపటి తర్వాత తీసేస్తారు, తీసే బాధ్యత ఎవరిది? టవల్ కౌంటర్ పొద్దున ఎన్నింటికి తెరుస్తారు?"

చివరి ప్రశ్న మామూలుగా కనిపిస్తుంది గానీ అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే. రాత్రి కుర్చీల మీది పరుపులు తీసి లోపల పెట్టేసి, పొద్దున ఎనిమిదికో తొమ్మిదికో గానీ టవల్స్ ఇవ్వని చోట తెల్లవారుజాము పోటీకి ఆస్కారమే తక్కువ. టవల్స్ గదిలోనే పెట్టేసి, పరుపులు రాత్రంతా బయటే ఉంచే చోట బోర్డు మీద ఏం రాసున్నా నమ్మకండి. "మా దగ్గర అలాంటి సమస్య లేదండీ" అని ఒక్క ముక్కలో జవాబొస్తే, ఆ రిసార్ట్ గురించి ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు రాసిన రివ్యూల్లో టవల్ అన్న మాట వెతకండి, పొద్దున్నపూట తీసిన పూల్ ఫోటోలు చూడండి. కుర్చీల మీద టవల్స్ ఉండి మనుషులు లేని ఫోటో ఒక్కటి కనిపించినా ఫోన్ చేసి మేనేజర్‌తో నేరుగా మాట్లాడమనండి, ఆ మాటలు తర్వాత మెయిల్లో కూడా రాసి పంపమని అడగమనండి. బుకింగ్ రద్దు చేస్తే డబ్బు పూర్తిగా వెనక్కొచ్చే గడువు ఏ రోజో చూసుకుని, ఇదంతా దానికి ముందే ముగించండి.